పరీక్షలో ఇంగ్లీషు, బతుకులో ఇంగ్లీషు

మన ఊళ్లలో ఇద్దరు కుర్రాళ్లు ఎప్పుడూ కనిపిస్తారు. ఒకడికి పదో తరగతి ఇంగ్లీషులో మంచి మార్కులు వచ్చాయి. కానీ బ్యాంకుకు వెళ్లి డబ్బు తీసే ఫారం నింపాలంటే పక్కవాడి వంక చూస్తాడు. ఇంకొకడు పదో తరగతి తప్పాడు. అరకులోనో బొర్రా గుహల దగ్గరో పర్యాటకులకు దారి చూపిస్తూ, ఇంగ్లీషూ హిందీ తెలుగూ కలిపి గంటసేపు మాట్లాడతాడు, బేరం కూడా కుదుర్చుకుంటాడు. వీళ్లిద్దరిలో ఇంగ్లీషు వచ్చిందెవరికి? మార్కుల జాబితా ఒక జవాబు చెబుతుంది, సంత ఇంకో జవాబు చెబుతుంది.

ఈ తేడా మన పిల్లల్లో లోపం వల్ల వచ్చింది కాదు. ఇంగ్లీషు పరీక్షలు ఎక్కడ పుట్టాయో, ఎవరి అవసరం కోసం పుట్టాయో, ఎలా మారుతూ వచ్చాయో చూస్తే ఇది అర్థమవుతుంది. అందుకే ఆ చరిత్ర మన యువకులకూ, మన బడుల్లో పాఠం చెప్పే టీచర్లకూ తెలియాలి.

కాగితం కోసం పుట్టిన పరీక్ష

1835లో మెకాలే తన నివేదిక రాశాడు. ఆ తర్వాత కంపెనీ ప్రభుత్వం ఇంగ్లీషు చదువుకు డబ్బు ఇవ్వడం మొదలుపెట్టింది. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజ్ ప్రభుత్వ ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవారికి మొదటి చోటు ఇస్తామని ప్రకటించాడు. అప్పటినుంచి ఇంగ్లీషుకూ ఉద్యోగానికీ ముడిపడింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు పెట్టారు. వీటికి నమూనా ఆనాటి లండన్ విశ్వవిద్యాలయం. అది పాఠాలు చెప్పే సంస్థ కంటే ముందు పరీక్షలు పెట్టే సంస్థ. కాబట్టి మన దేశంలో విశ్వవిద్యాలయం అన్నది మొదట పరీక్షగానే పుట్టింది, తరగతి గది తర్వాత వచ్చింది.

మెట్రిక్యులేషన్ పరీక్షలో ఇంగ్లీషు అంటే వ్యాకరణం, పాఠాలకు తాత్పర్యాలు, అనువాదం, వ్యాసం. అంతా రాతే. గుమాస్తా పనికి అదే కావాలి. దొర చెప్పింది తప్పులేకుండా రాయాలి, వచ్చిన కాగితాన్ని చదివి సారాంశం తీయాలి. ఆ లెక్కన చూస్తే ఆ పరీక్ష నిజజీవితానికి దూరమేమీ కాదు. కచేరీలో బల్ల ముందు కూర్చునే ఒక్క జీవితానికి అది సరిపోయింది. మిగతా జీవితాలు దానికి పట్టలేదు. పైగా పరీక్ష నెగ్గడానికి గైడు పుస్తకాలు కంఠస్థం చేయడం అప్పుడే మొదలైంది. చదువు పరీక్షకు బానిస అయిపోవడమే ఈ వ్యవస్థలో పెద్ద జబ్బని 1902 నాటి భారత విశ్వవిద్యాలయాల కమిషనే ఒప్పుకుంది.

మన్యం జనానికి ఇంగ్లీషు మొదట బడిలో ఎదురుకాలేదు, కాగితం మీద ఎదురైంది. 1882 మద్రాసు అటవీ చట్టం ఇంగ్లీషులోనే రాశారు. ఏ కొండ ఎవరిది, ఎక్కడ పోడు కొట్టకూడదు, ఏ కట్టె ముట్టుకోకూడదు అన్నది అడవిలో ఉండేవాళ్లు చదవలేని భాషలో నిర్ణయమైంది. ఇంగ్లీషు రాకపోతే మార్కులు పోతాయన్నది తర్వాతి సంగతి. భూమి పోతుందన్నది ముందు సంగతి. మన తాతలకు నిజజీవితంలో కావలసిన ఇంగ్లీషు అది. ఏ పరీక్షా దాన్ని వాళ్లకు నేర్పలేదు.

గిడుగు అడిగిన ప్రశ్న

పరీక్షలో భాష, బతుకులో భాష ఒకటేనా అన్న ప్రశ్నను తెలుగు నేల మీద గట్టిగా అడిగిన మనిషి గిడుగు వెంకట రామమూర్తి. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29ని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటాం. కానీ ఆయన కథలో మనకు సంబంధించిన సగం అంతగా చెప్పరు.

1880లో ఆయన పర్లాకిమిడిలో టీచరుగా చేరాడు. ఆ ఊరు అప్పుడు మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది, ఇప్పుడు ఒడిశాలో ఉంది. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉంటారు. వాళ్లకు చదువు చెప్పాలంటే ముందు తాను వాళ్ల భాష నేర్చుకోవాలని ఆయన అనుకున్నాడు. సవర భాషకు అప్పుడు పాఠ్యపుస్తకం లేదు, పరీక్ష లేదు, సర్టిఫికెట్ లేదు. సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని, అతని నోటినుంచి విని నేర్చుకున్నాడు. ఏళ్ల తరబడి శ్రమపడి సవర భాషలో వాచకాలు, కథలు, పాటలు రాశాడు. తన డబ్బుతో సవర పిల్లలకు బడులు నడిపాడు. 1911లో మద్రాసు ప్రభుత్వం పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమని కోరాడు. సవర భాషా వ్యాకరణం 1931లో, సవర–ఇంగ్లీషు నిఘంటువు 1938లో అచ్చయ్యాయి.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆలోచించాలి. రామమూర్తికి సవర వచ్చిందో లేదో ఎవరు తేల్చారు? ఏ బోర్డూ తేల్చలేదు. ఆయన మాట సవరలకు అర్థమైంది, సవరల మాట ఆయనకు అర్థమైంది. అదే పరీక్ష. భాషకు అంతకంటే పెద్ద పరీక్ష లేదు.

అలా నేర్చుకున్న మనిషి తెలుగు బడి వైపు తిరిగి చూసేసరికి వింతగా కనిపించింది. పిల్లలు ఇంట్లో మాట్లాడే తెలుగు వేరు, పరీక్షలో రాయవలసిన తెలుగు వేరు. ఉత్తర కోస్తాలో బడుల తనిఖీ అధికారిగా ఉన్న జె.ఎ. యేట్స్ అనే ఇంగ్లీషువాడికి కూడా ఇదే అనుమానం వచ్చింది. వ్యవహారిక భాషా ఉద్యమం అక్కడినుంచి ఊపందుకుంది. అందులో పెద్ద పోరాటం స్కూల్ ఫైనల్ పరీక్షలో వ్యాసం ఏ తెలుగులో రాయాలన్నదాని మీదే జరిగింది. పండితులు గ్రాంథికమే ఉండాలన్నారు. గిడుగు, గురజాడ జీవద్భాష ఉండాలన్నారు. పరీక్ష ఏ భాషను ఒప్పుకుంటే బడి ఆ భాషనే నేర్పుతుందని ఇద్దరు వైపులవాళ్లకూ బాగా తెలుసు. అందుకే కొట్లాట పరీక్ష దగ్గర జరిగింది.

గేటు దగ్గర కాపలా

ఇంకో రకం పరీక్ష కూడా ఉంది. అది వచ్చినదాన్ని కొలవదు, వద్దనుకున్నవాళ్లను ఆపుతుంది.

1860 నుంచి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చెరుకు తోటల్లో పనికి మన దేశంనుంచి కూలీలను ఓడల్లో తీసుకెళ్లారు. వాళ్లలో విశాఖపట్నం, గంజాం వైపు తెలుగువాళ్లూ ఉన్నారు. కూలీలుగా వచ్చినన్నాళ్లూ వాళ్ల భాష గురించి ఎవరూ అడగలేదు. భారతీయులు స్వేచ్ఛగా వచ్చి వ్యాపారాలు పెట్టుకునేసరికి 1897లో అక్కడి ప్రభుత్వం ఒక చట్టం చేసింది. దాని ప్రకారం, అడుగుపెట్టాలంటే ఏదో ఒక యూరప్ భాషలో దరఖాస్తు రాయగలగాలి. చట్టంలో రంగు మాట లేదు, జాతి మాట లేదు. భాష మాట ఒక్కటే ఉంది. పని మాత్రం రంగు చూసే జరిగింది.

ఆస్ట్రేలియా ఈ ఉపాయాన్నే 1901లో తీసుకుంది. వలస వచ్చినవాడికి అధికారి 50 మాటల పేరా చదువుతాడు, అతను విని రాయాలి. ఏ యూరప్ భాషలో చదవాలన్నది అధికారి ఇష్టం. ఇంగ్లీషు బాగా వచ్చినవాడు వస్తే ఇంకో భాషలో చదివేవారు. 1909 తర్వాత ఈ పరీక్ష నెగ్గినవాడు ఒక్కడూ లేడు. 1934లో ఎగాన్ కిష్ అనే రచయిత వచ్చాడు. చెకోస్లొవాకియావాడు, ఎన్నో భాషలు వచ్చినవాడు. అతని రాజకీయాలు ప్రభుత్వానికి నచ్చలేదు. అందుకని అతనికి స్కాట్లండ్ కొండల్లో మాట్లాడే గేలిక్ భాషలో పరీక్ష పెట్టారు. అతను తప్పాడు. కోర్టుకు వెళితే, ఆ చట్టం చెప్పిన అర్థంలో గేలిక్ యూరప్ భాష కిందికి రాదని హైకోర్టు తీర్పు చెప్పింది. కిష్ గెలిచాడు. కానీ ఆ మాటతో గేలిక్ మాట్లాడే జనం నొచ్చుకున్నారు. కొండజాతి భాషకు కోర్టులో దక్కే గౌరవం ఎంతో మనకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఆ శ్రుతలేఖనం పరీక్షను 1958లో ఎత్తేశారు.

మనం పిల్లలకు తరచూ శ్రుతలేఖనం పెడుతుంటాం. అందులో తప్పేమీ లేదు. కానీ అదే పనిముట్టు ఒకచోట నేర్పడానికీ ఇంకోచోట గెంటేయడానికీ పనికొచ్చిందని గుర్తుంచుకోవాలి.

ముగ్గురు రాశారు, ముగ్గురూ తప్పారు

పరాయివాళ్లకు ఇంగ్లీషు ఎంత వచ్చిందో కొలవడానికి కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం 1913లో ఒక పరీక్ష మొదలుపెట్టింది. మొత్తం 12 గంటల పరీక్ష. అనువాదాలు, వ్యాకరణం, వ్యాసం, సాహిత్యం, ఉచ్చారణ శాస్త్రం, ఇవన్నీ కాక మాట్లాడే పరీక్ష. మొదటి ఏడాది ముగ్గురు రాశారు. ముగ్గురూ తప్పారు. అయినా ఆ పరీక్షలో ఒక మంచి ఉంది. ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడించేవారు.

తర్వాత అమెరికా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి విశ్వవిద్యాలయాలకు వేలమంది విదేశీ విద్యార్థులు రావడం మొదలైంది. అంతమందికి ఒకే కొలత కావాలి, త్వరగా దిద్దాలి, ఎవరు దిద్దినా ఒకే మార్కు రావాలి. అందుకని 1964లో టోఫెల్ మొదలైంది. నాలుగు జవాబుల్లో ఒకటి గుర్తుపెట్టాలి, యంత్రం దిద్దుతుంది. ఒక్క మాట మాట్లాడకుండా, ఒక్క వాక్యం సొంతంగా రాయకుండా ఇంగ్లీషు వచ్చినట్టు తేల్చవచ్చు. భాషను శబ్దం, మాట, వాక్యం అని ముక్కలు చేసి ఒక్కో ముక్కను విడిగా పరీక్షించవచ్చని ఆనాటి పండితుల నమ్మకం. జాన్ కారల్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1961లోనే హెచ్చరించాడు. ముక్కలన్నీ తెలిసినా, వాటిని కలిపి ఒక విషయం చెప్పగలడా లేదా అన్నది వేరే సంగతని అతని వాదన.

అతను భయపడిందే జరిగింది. మంచి స్కోరుతో వచ్చినవాళ్లు తరగతిలో నోరు విప్పలేకపోయారు. 1980 ప్రాంతంలో మాట్లాడే పరీక్షను విడిగా చేర్చారు. 1986లో వ్యాసం రాసే పరీక్ష చేర్చారు. అసలు పరీక్షలోనే మాట్లాడటం భాగమైంది మాత్రం 2005లో. అంటే నలభై ఏళ్లు పట్టింది. అదీ మనిషితో కాదు, మైకు ముందు.

బ్రిటన్‌లో దారి ఇంకోలా సాగింది. 1980లో బ్రిటిష్ కౌన్సిల్, కేంబ్రిడ్జి కలిసి పెట్టిన పరీక్షలో వైద్యం చదవబోయేవాడికి ఒక పేపరు, సాంకేతిక విద్యకు ఒకటి, సామాజిక శాస్త్రాలకు ఒకటి ఉండేవి. ఎవరు ఏ పనికి వెళతారో ఆ పనిలో వాడే ఇంగ్లీషునే అడగాలన్నది ఆలోచన. మంచి ఆలోచనే. కానీ అన్ని పేపర్లు తయారుచేయడం కష్టమైంది, ఒకదానితో ఒకటి పోల్చడం ఇంకా కష్టమైంది. 1989లో ఆస్ట్రేలియా సంస్థ కూడా కలిసి ఐఈఎల్‌టీఎస్ వచ్చింది, పేపర్ల సంఖ్య తగ్గింది. 1995 నాటికి ఉన్నత చదువులకు వెళ్లేవాళ్లందరికీ ఒకటే పేపరు మిగిలింది. నడపడానికి వీలుగా ఉన్నదే చివరికి నిలిచింది.

ప్రాణం మీదికి వచ్చినప్పుడు

1996 నవంబర్ 12న హర్యానాలోని చర్ఖీ దాద్రీ మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్నాయి. ఒకటి ఢిల్లీనుంచి బయలుదేరిన సౌదీ విమానం. ఇంకొకటి ఢిల్లీకి వస్తున్న కజక్‌స్తాన్ విమానం. 349 మంది చనిపోయారు, ఒక్కరూ మిగలలేదు. 15,000 అడుగుల ఎత్తులో ఉండమని ఢిల్లీ నుంచి చెప్పినా కజక్ విమానం కిందికి దిగింది. ఆ సిబ్బందికి ఇంగ్లీషు సరిగా అర్థం కాకపోవడం కూడా కారణాల్లో ఒకటని విచారణలో తేలింది.

ఇలాంటి ప్రమాదాల తర్వాత అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 2003లో కొత్త నియమాలు చేసింది, 2008 నుంచి అమలైంది. ఆరు స్థాయిల్లో కనీసం నాలుగో స్థాయి ఉంటేనే పైలట్ అంతర్జాతీయ విమానం నడపాలి. ఈ పరీక్షను జాగ్రత్తగా గమనించండి. రాత లేదు. వినడం, మాట్లాడటం రెండే. యాస ఉండవచ్చు, అర్థం కావడానికి అడ్డు రాకపోతే చాలు. అర్థం కానప్పుడు మళ్లీ అడిగి తెలుసుకోగలడా అన్నదానికి ప్రత్యేకంగా విలువ ఉంది. ఏదో ఒక అంశంలో తక్కువైతే మిగతావాటి మార్కులు కలిపి గట్టెక్కించరు.

ఆస్ట్రేలియాలో డాక్టర్లకూ నర్సులకూ పెట్టే వృత్తి ఇంగ్లీషు పరీక్ష కూడా ఇలాంటిదే. నర్సు రోగితో మాట్లాడినట్టు మాట్లాడి చూపాలి, కేసు కాగితాలు చూసి ఉత్తరం రాయాలి. ప్రాణాలు పోతాయన్న భయం ఉన్నచోట పరీక్ష బతుకుకు దగ్గరగా జరిగింది. భయం లేనిచోట సౌకర్యం గెలిచింది.

మన బడిలో పోయేది కూడా ప్రాణంలాంటిదే. ఇంగ్లీషు రాదన్న ముద్ర పడి చదువు మానేసిన పిల్లలు ప్రతి గూడెంలో ఉన్నారు. కానీ ఆ నష్టం ఏ విచారణలోనూ నమోదు కాదు.

పరీక్షలకు ఇంకా అందనిది

ఇన్నేళ్ల మార్పుల తర్వాత ఇప్పటి పరీక్షలు పాతవాటికంటే చాలా మెరుగు. వింటారు, చదివిస్తారు, రాయిస్తారు, మాట్లాడిస్తారు. ఆ మేరకు ఒప్పుకోవాలి. అయినా పరీక్ష స్కోరుకూ కాలేజీలో తర్వాత వచ్చే మార్కులకూ సంబంధం అంత గట్టిది కాదనే పరిశోధనల్లో ఎక్కువగా తేలింది. కారణాలు ఊహించవచ్చు. నలభై నిమిషాల్లో 250 మాటల వ్యాసం రాయడం పరీక్షలోనే ఉంటుంది. బతుకులో ఉత్తరం రాసి, ఇంకొకరికి చూపించి, దిద్దుకుని పంపుతాం. పరీక్షలో సాయం అడగడం తప్పు, బతుకులో అడగకపోవడం తప్పు.

పరీక్షకు ముద్రవేసే అధికారం వచ్చినకొద్దీ మోసం కూడా పెరుగుతుంది. 2014లో బ్రిటన్‌లో కొన్ని కేంద్రాల్లో ఒకరి బదులు ఒకరు పరీక్ష రాస్తున్నారని బీబీసీ బయటపెట్టింది. అప్పుడు ప్రభుత్వం వేలమంది విదేశీ విద్యార్థుల వీసాలు రద్దుచేసింది. వాళ్లలో మనదేశంవాళ్లు చాలామంది. మోసం చేసినవాళ్లతోపాటు చేయనివాళ్లూ అందులో నలిగారు. ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగి కొందరు గెలిచారు.

అన్నింటికంటే పెద్ద ఖాళీ ఇంకొకటి ఉంది. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు సంతలో ఒక సవర ఆడమనిషి తన మనుషులతో సవరలో మాట్లాడుతుంది, షావుకారుతో తెలుగులో, ఇంకో వ్యాపారితో ఒడియాలో మాట్లాడుతుంది. ఒకరి మాట ఇంకొకరికి చెబుతుంది. ఇది గొప్ప భాషా నైపుణ్యం. పరీక్ష హాల్లో మాత్రం ఒక భాషలో ఇంకో భాష మాట పడితే తప్పు కింద లెక్క. యూరప్ దేశాలు 2001లో భాషా స్థాయిల పట్టిక ఒకటి తయారుచేసుకున్నాయి. ఒకరి మాటను ఇంకొకరికి అందించడం, ఉన్న భాషలన్నీ కలిపి పని నడపడం కూడా నైపుణ్యమేనని 2018లో దానికి వివరంగా చేర్చుకున్నారు. మన సంతలకు ఎప్పటినుంచో తెలిసిన సంగతి అది.

మన బడిలో చేయగలిగింది

పదో తరగతి పబ్లిక్ పరీక్ష హాల్లో ఇంగ్లీషు పేపరంతా రాతే. పిల్లవాడి నోటి మాట ఎవరూ వినరు. తెలంగాణ ఇంటర్మీడియట్‌లో 2023–24 నుంచి ఇంగ్లీషుకు ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. ఇది మంచి మార్పు. కానీ పదిహేనేళ్లు నోరు మూసుకుని కూర్చున్న పిల్లవాడు ఒక్కరోజు పరీక్షకు నోరు తెరవలేడు.

పై చదువులకూ విదేశాలకూ వెళ్లేవాళ్లు పరీక్ష రాయక తప్పదు. గిరిజన విద్యార్థులను విదేశాలకు పంపే ప్రభుత్వ పథకాలు కూడా టోఫెల్, ఐఈఎల్‌టీఎస్ లాంటి స్కోరు అడుగుతాయి. కాబట్టి పరీక్షను తిట్టి పక్కన పెట్టమని చెప్పడం పిల్లలకు అన్యాయం. పరీక్ష ఒక ఆట, దానికి సూత్రాలున్నాయి. ఏ ప్రశ్నకు ఎంత సమయమో, దేనికి మార్కు ఇస్తారో మన పిల్లలకు కూడా చెప్పాలి. పట్నం పిల్లలకు కోచింగ్‌లో చెప్పేది అదే.

దానితోపాటు రెండో పరీక్ష మనమే పెట్టుకోవచ్చు. దానికి బోర్డు అనుమతి అక్కరలేదు. వారానికి ఒకరోజు పిల్లవాడికి నిజమైన కాగితం ఇవ్వండి. బ్యాంకు ఫారం, మందు సీసా మీద చీటీ, అటవీ హక్కుల పట్టాకు సంబంధించిన ఉత్తరం. దాన్ని చదివి, ఇంట్లో అవ్వకు కోయలోనో సవరలోనో గోండీలోనో చెప్పమనండి. అవ్వకు అర్థమైతే పిల్లవాడు నెగ్గినట్టు. ఈ పరీక్షలో ఇంటి భాష అడ్డం కాదు, అదే ఆధారం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో మన భాషల్లో మొదలైన బహుభాషా విద్య వెనుక ఉన్న ఆలోచన కూడా ఇదే. ఇంటి భాష గట్టిగా ఉంటే పై భాషలు దానిమీద నిలబడతాయి.

యువకులకు ఒక మాట. మార్కుల జాబితాలో ఉన్న అంకె, ఒక రోజు, ఒక గదిలో, ఎవరో అడిగిన కొన్ని ప్రశ్నలకు మీరు ఇచ్చిన జవాబుల లెక్క. ఐఈఎల్‌టీఎస్ స్కోరుకైనా రెండేళ్లే విలువ, తర్వాత చెల్లదు. అది మీ తెలివికి కొలత కాదు, మీ జాతికి అసలే కాదు. మూడు భాషల్లో సంత నడిపే జనం పిల్లలకు నాలుగో భాష రాదన్నది ఎక్కడా నిలబడని మాట. పరీక్షకు కావలసింది నేర్చుకోండి, బతుకుకు కావలసింది దానికంటే ముందు నేర్చుకోండి. 1882లో మన తాతలు చదవలేకపోయిన కాగితంలాంటివి ఇప్పటికీ గూడేనికి వస్తూనే ఉన్నాయి. వాటిని చదివి నలుగురికీ వినిపించగలిగినవాడే ఊరికి ఇంగ్లీషు వచ్చినవాడు.